ఎలక్షన్లు బేగి రావాలని

ఎలక్షన్లు బేగి రావాలని ఉపాసం ఉండి ప్రార్థన సేసినోడు ఈ దేశం మొత్తం మీద ఎవుడైనా ఉన్నాడా అంటే ఉన్నాడు, నేనే. నా పేరు సీమోను, తాపీమేస్త్రీని. నవ్వాలనుంటే నవ్వుకోండి. మా గంగరాజు బావ కూడా మొదట్లో కడుపు పట్టుకుని నవ్వినాడు. ఇప్పుడు నేను ఎదురుపడితే తల దించుకుని ఎల్లిపోతన్నాడు, పాపం ఆడు సేసిన తప్పేటీ నేకపోయినా.

మాది శ్రీముఖలింగానికి దిగువన వంశధార గట్టు మీద ఊరు. మా పేటలో నలభై గడపలున్నాయి, అందరం బాప్టిస్టు సంఘం వోల్లమే. మా సమాధుల తోట నది గట్టునే ఉన్నాది. మా తాతల కాలంలో నది అక్కడికి శానా దూరంగా పారేదట. ఏటేటా వరదొచ్చి గట్టు కోసుకుంటా కోసుకుంటా ఇప్పుడు సమాధుల కిందికే వొచ్చీసింది. అయిదేల్లలో పదహారు సమాధులు నీల్లపాలైపోయినాయి. పదకొండు మిగిలినాయి. ఆ పదకొండులో గట్టు సివరంటా ఉన్నది మా స్వర్ణది.

స్వర్ణ మా ఒక్కగానొక్క గుంట, మా కూతురు. పద్నాలుగో ఏట పచ్చకామెర్లొచ్చి పోయింది. తొమ్మిదేల్లయింది. ఊర్లో సగం ఇల్లకి గోడలు లేపినోణ్ణి, దాని సమాధీ నేనే కట్టుకున్నాను. ఆ రోజు నా పెల్లాం దేవమణి సిమెంటు మాలు కలిపి గిన్నెతో అందించింది. అప్పట్నించీ ప్రతి ఆదివారం చర్చి అయ్యాక అది అక్కడికెల్లి కూకుంటాది. వారం రోజుల కబుర్లూ గుంటకి సెప్తాది. పక్కింటి దాలమ్మ మేక ఈనిందంటాది, మీ అయ్య మల్లీ కోపమొచ్చి కంచం గిరాటేసినాడంటాది. నేను ఎనకనించి ఇని, ఏటే పిచ్చిదానా, దానికిప్పుడు నా మీద సాడీలు ఎందుకే అని తిట్టీవోణ్ణి.

కొండ కింద అరెకరం ప్రభుత్వ భూమి ఖాళీగా పడున్నాది. అది మాకు సమాధులకి ఇప్పించండి, పాత సమాధులు తవ్వి అక్కడికి మార్చుకోడానికి ఆర్డరు ఇప్పించండి అని నాలుగేల్లు తిరిగినాం. ఆర్డరు నేకుండా సమాధి మీద గునపం పెడితే పోలీసు కేసవుతాది. ఎల్లిన సోటల్లా సూద్దాం అన్నారు. ఆ మాట ఇని ఇని నాకు ఒల్లు మండిపోయీది.

ఇంక నా బుర్రకి ఏటి తట్టిందో సెప్తాను. మా పేటకి ఏదొచ్చినా ఎలక్షన్ల ముందరే వొచ్చింది. సిమెంటు రోడ్డు, మంచినీల్ల బోరు, చర్చి ముందర లైటు, అన్నీ ఎలక్షన్లకి ముందు ఆరు నెలల్లోనే. ఆ ఆరు నెల్లూ ఫైళ్ళకి కాళ్ళొస్తాయి. ఆఫీసర్లు కుర్చీ ఏసి కూకోమంటారు. కానీ మల్లీ ఎలక్షన్లకి ఇంకా రెండేల్లుంది. రెండేల్లంటే రెండు వరదలు. స్వర్ణ సమాధికి ముందర గట్టు మూడే మూడు అడుగులుంది. మరి నన్నేటి సెయ్యమంటారు?

మా సంఘంలో శుక్రారం ఉపాస ప్రార్థన ఉంటాది. ఎవులికి ఏటి కావాలో లెగిసి సెప్తే అందరూ కలిసి ప్రార్థన సేస్తారు. ఒకరు కొడుక్కి ఉద్యోగం అంటారు, ఒకరు మోకాల్ల నొప్పంటారు. ఫిబ్రవరిలో ఒక శుక్రారం నేను లెగిసినాను. "ఎలక్షన్లు ముందే రావాలని ప్రార్థన సెయ్యండి," అన్నాను. ఆడోల్లు కిసుక్కున నవ్వినారు. మా పాస్టరు బెన్హర్ గారు కళ్ళజోడు సవరించుకుని, "అలాంటివి అడగొచ్చా సీమోనూ?" అన్నారు. "ఎందుకడక్కూడదండీ, రాజుల్ని మార్చీవోడు దేముడు కాదా?" అన్నాను. ఆయనే ముందు మోకరించినారు. ఆ రోజునించి నాలుగు నెల్లు, ప్రతి శుక్రారం, పచ్చి నీల్లు కూడా ముట్టకుండా అడిగినాం. దేవమణి అందరికన్నా గట్టిగా అడిగీది.

ఈలోగా ఏప్రిల్లో మా ఊరికి కొత్త వీఆర్వో వొచ్చింది. పేరు ఝాన్సీ. సిన్న వయసు, మంచి గుండె ఉన్న పిల్ల. ఒకరోజు మాట సెప్పకుండా తనే నడుసుకుంటా గట్టు మీదికెల్లింది. దేవమణి అక్కడ సమాధి కడుగుతన్నాదట. ఇద్దరూ ఏటి మాటాడుకున్నారో నాకు తెలీదు. రెండు వారాల్లో ఝాన్సీ భూమి కొలిపించీసింది, పదకొండు సమాధుల పేర్లూ రాసీసింది, ఫైలు పట్టుకుని జిల్లా ఆఫీసు దాకా ఎల్లిపోయింది. జూన్ రెండో వారం, శుక్రారం సాయంత్రం ఫోను సేసింది. "బాబాయ్, అన్నీ అయిపోయాయి. పెద్దసారు క్యాంపులో ఉన్నారు. సోమవారం పొద్దున్నే సంతకం. మీరు మంగళవారం గునపాలు తీసుకోండి."

దేవమణి ఆ ఫోను నా సేతిలోంచి లాక్కుని, "తల్లీ, నీ కడుపు సల్లగుండ," అని ఏడ్సీసింది. శనారం పొద్దున్నే ఎల్లి సెక్క కొనుక్కొచ్చినాను, పెట్టె సెయ్యడానికి. ఎంత పెట్టె సెయ్యాలయ్యా అని దేవమణి అడిగింది. ఎముకలే గదా ఉంటాయి, సిన్నదే సాలు అనబోయి నాలిక కరుసుకున్నాను.

అదే శనారం మద్దినేల మూడు గంటలకి గంగరాజు టీ కొట్టు దగ్గరున్నాను. టీవీలో డిల్లీ పెద్దమనుషులు ముగ్గురు వరసగా కూకుని ఏదో సదువుతన్నారు. పార్లమెంటు రద్దయిపోయిందంట, దేశమంతా ఎలక్షన్లంట, అయిదు విడతలంట, ఆగస్టు మొదటి వారంలో లెక్కింపంట.

కొట్టులో ఉన్నోల్లంతా ఒక్కసారి టీవీ దగ్గరికి జరిగినారు. తరవాత సూడాల. "వానాకాలంలో ఎలక్షన్లేటిరా నాయనా, ఉడుపులు ఎవుడూడుస్తాడు?" అని ఒక రైతు బుర్ర బాదుకున్నాడు. నారు పోసుకున్నోల్లంతా అదే గోల. ఇస్కూలు మేస్టరొకాయన, "అయ్యబాబోయ్, మా అమ్మాయి పెళ్ళి జులైలో పెట్టుకున్నాను, నాకు డ్యూటీ ఏసెస్తారు," అని టీ సగంలో ఒగ్గీసి పరిగెట్టినాడు. ఈ పార్టీవోల్లు ఫోన్లు, ఆ పార్టీవోల్లు ఫోన్లు. ఎవుడో వీధి సివర టపాకాయలు కూడా పేల్సినాడు, ఎందుకో ఆడికే తెలీదు. మా సర్పంచి నరసింగరావు గారు లుంగీ మీదే వొచ్చీసి, "మా పార్టీకి కూడా ఎవరూ చెప్పలేదయ్యా, నేనూ టీవీలోనే చూశాను," అని నిలబడిపోయినారు. నాకు తెలిసి ఆ రోజు ఊర్లో సంతోషించినోణ్ణి నేనొక్కణ్ణే.

ఎలా సంతోషించినానో సెప్పడానికి సిగ్గేస్తన్నాది. బల్ల మీదికెక్కీసి రెండు సేతులూ పైకెత్తి, "హల్లెలూయా! నా దేముడు నా మాట ఇన్నాడర్రా!" అని అరిసినాను. కొట్టులో ఉన్నోల్లందరికీ టీలు నేనే ఇప్పించినాను. గంగరాజు, "ఓరి బావా, ఈ ఎలక్షన్లు తెచ్చింది నువ్వేటిరా!" అని ఒకటే నవ్వు. "నేనే తెచ్చినాను, డిల్లీలో సెప్పుకో," అన్నాను. పేటలోకి పరిగెట్టి ఇంటింటికీ సెప్పినాను. మర్నాడు చర్చిలో ఆడోల్లు సప్పట్లు కొట్టి పాడినారు. సంతకం సోమారం ఎలాగూ అయిపోతాది, ఇంక ఎలక్షన్లు కూడా వొచ్చీసినాయంటే కొత్త స్థలానికి సుట్టూ గోడ కూడా కట్టిస్తారు అనుకున్నాం. అంత ఎర్రిబాగులోల్లం మేం.

సోమారం కడిగిన సొక్కా తొడుక్కుని ఎమ్మార్వో ఆఫీసుకెల్లినాను. గేటు దగ్గర శంకుస్థాపన రాయికి గుడ్డ సుట్టి తాడుతో కడతన్నారు. గోడ మీద పథకాల బొమ్మలకి సున్నం కొట్టిస్తన్నారు. ఝాన్సీ బయటికొచ్చింది. ఆ పిల్ల కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"బాబాయ్, కోడ్ వచ్చేసింది."

"అంటే ఏటమ్మా?"

"ఎలక్షన్ కోడ్. ప్రకటన చేసిన నిమిషం నుంచీ కొత్తగా భూమి ఎవరికీ ఇవ్వకూడదు. సంతకం పెట్టడానికి లేదు. లెక్కింపు అయిపోయి కోడ్ ఎత్తేసేదాకా ఫైలు కదలదు."

"లెక్కింపు ఆగస్టులో గదమ్మా?"

"అవును బాబాయ్."

"ఆగస్టుకి వరదొచ్చెస్తాది గదమ్మా?"

ఆ పిల్ల అప్పుడే మల్లీ లోపలికెల్లింది. ప్రత్యేకంగా పర్మిషన్ అడుగుతానని ఉత్తరం మీద ఉత్తరం రాసింది, నిజం సెప్పాలి. ఒక్కదానికీ జవాబు రానేదు. పై ఆఫీసర్లకీ ఊపిరి తీసుకోడానికి తీరిక నేదు, అంత హడావుడిగా వొచ్చిపడినాయి ఎలక్షన్లు. మామూలుగా అయితే ముందే తెలుస్తాది. ముందు ఆరు నెల్లుంటాయి. మేం ఆ ఆరు నెల్ల కోసమే గదా అడిగినాం. ఆరు నెల్లు రానేదు, ఉత్త ఎలక్షన్లు వొచ్చినాయి. ఇంకో రెండు రోజులు ఆగి వొచ్చినా స్వర్ణ కొండ కిందికి ఎల్లిపోవును.

ఇంటికొచ్చి దేవమణికి ఎలా సెప్పాలో తెలీక పెరట్లోనే తిరిగినాను. అదే వొచ్చి నా మొకం సూసింది. సెప్పినాను. అది తిట్టి ఉంటే బాగుండును. "మనమే అడిగినాం గదయ్యా," అన్నాది. అంతే అన్నాది.

బెన్హర్ గారు వొచ్చి దేవుని చిత్తం అన్నారు. నాకు తిక్క రేగిపోయింది. "చిత్తం ఆయనదా, నోరు నాదా పాస్టరుగారూ? శనారం ఇచ్చీవోడు సోమారం దాకా ఆగనేడా?" అని కేకలేసినాను. ఆయన మంచోడు, వొచ్చి నా పక్కన కూకున్నారు. పేటలో మాత్రం గుసగుసలు మొదలైనాయి. మిగతా పది సమాధుల వోల్లు కూడా బయపడతన్నారు గదా. సీమోను నోటి దురదే ఇదంతా అని ఎవరో అన్నారని దాలమ్మ మోసుకొచ్చింది. అన్నోల్లని తప్పు పట్టను.

జులై సివర్లో పైన ఒడిశాలో వానలు మొదలైనాయి. మా దగ్గర సినుకు నేకపోయినా నది ఎర్రగా మారిపోయింది. మూడు అడుగుల గట్టు రెండయింది. ఒకరోజు పొద్దున్నే దేవమణి పెరట్లోంచి గునపం తెచ్చి నా ముందర పెట్టింది.

"లెగయ్యా. తవ్వేద్దాం."

"కేసెడతారే."

"పెట్టనీ."

"ఎలక్షన్ రోజులు. ఊరినిండా పోలీసులున్నారు. మతం గొడవంటారు, ఇంకోటంటారు, పేటంతటినీ టేసన్ల సుట్టూ తిప్పుతారు. ఇంకెంత, పది రోజులు. లెక్కింపు అయిపోతే మూడో రోజున ఆర్డరు తెస్తానని ఝాన్సీ సెప్పింది."

"పది రోజులు నది ఆగుతాదా?"

నాకు కోపమొచ్చీసింది. దాని మీద కాదు, కానీ అదే గదా ఎదురుగుండా ఉన్నాది. "తవ్వి ఎక్కడ పెడతావే? ఇంట్లో పెడతావా?" అని అరిసినాను.

"పెడతాను," అన్నాది. "నా మంచం కింద పెడతాను. నా గుంటే గదా."

నేను గునపం తీసి అటక మీద పడీసినాను. పేట పెద్దమనిషిని గదా, సట్టం నాకే తెలుసు గదా. ఆ పది రోజులూ అది నాతో మాటాడనేదు. అన్నం ముందర పెట్టీది, ఎల్లిపోయీది.

లెక్కింపు రోజు పొద్దున్న ఎనిమిదింటికే గంగరాజు కొట్టు నిండిపోయింది. ఎవుడు గెలుస్తాడా అని అందరూ, ఎప్పుడయిపోతాదా అని నేను. ఈ రవుండు, ఆ రవుండు, మెజార్టీ పెరిగింది, తగ్గింది అని ఒకటే అరుపులు. పైన బ్యారేజి గేట్లు ఎత్తేరట, నది పొంగుతన్నాదట అని ఎవుడో అన్నాడు. ఆ మాట నా సెవిన పడింది. పడి కూడా కూకున్నాను. ఇంక నాలుగు గంటల్లో అయిపోతాది, ఎల్లుండి ఆర్డరొస్తాది అని ఏల్లు లెక్కెట్టుకుంటా కూకున్నాను. అది నేను సేసిన రెండో తప్పు. మొదటిది, ఆ ప్రార్థన, దేముడు సెమిస్తాడేమో గానీ దీన్ని నేను సెమించుకోనేను.

పదకొండింటికి దాలమ్మ రొప్పుకుంటా వొచ్చింది. "సీమోనన్నా, వదిన గట్టు మీదుంది. గట్టు పోతన్నాది."

పరిగెట్టినాను. అరవై ఏల్లోణ్ణి ఎలా పరిగెట్టినానో నాకే తెలీదు. నది నిండు నీల్లతో గట్టు అంచుకి తగుల్తన్నాది. దేవమణి అటక మీది గునపం దింపుకుపోయి, స్వర్ణ సమాధికి ఇటేపు నడుంలోతు తవ్వీసింది. ఒక్కత్తే. సేతులు బొబ్బలెక్కి రగతం కారతన్నాది. నన్ను సూసి, "దిగయ్యా! పెట్టె తగిలింది! సెక్క తగిలింది!" అని అరిసింది. పది రోజుల తరవాత నాతో మాటాడిన మొదటి మాట అది.

దిగబోయినాను. అప్పుడే సమాధికీ గోతికీ మజ్జిన నేల సీలింది. నేను మేస్త్రీని, సీలిక సూస్తే ఎంత టైముందో నాకు తెలుస్తాది. టైము నేదు. దేవమణి రెండు సేతులూ సమాధి కిందికి పెట్టి సెక్క పట్టుకునుంది. నేను దాని నడుం పట్టుకుని ఎనక్కి లాగీసినాను. అది నన్ను రక్కింది, కొరికింది. "ఒగ్గీ! నన్నొగ్గీ!" అని గుండెలవిసేలాగ ఏడ్సింది. ఒగ్గనేదు. ఇద్దరం ఎనక్కి పడినాం. నేను కట్టిన సమాధి, సిలవతో సహా, దాని కింద మట్టీ, ఆ మట్టిలో ఉన్న మా గుంటా, అంతా ఒక్కసారిగా నదిలోకి జారిపోయినాయి. పెద్ద సప్పుడు కూడా రానేదు.

"నన్నెందుకు లాగినావు?" అన్నాది దేవమణి. మొకం నిండా మట్టి. "దాన్ని లాగాల గదా. నన్నెందుకు లాగినావు?"

ఊర్లో టపాకాయలు పేలతన్నాయి. ఎవుడో గెలిసినాడు.

ఝాన్సీ మాట తప్పనేదు. మూడో రోజు పొద్దున్నే ఆర్డరు పట్టుకొచ్చింది, సంతకం తడారకుండానే. గట్టు మీద జరిగింది ఆ పిల్లకి ముందే తెలుసు. కాయితం రెండు సేతుల్తో నా సేతికిచ్చింది. నది తగ్గుముఖం పట్టింది. మిగతా పది సమాధులూ నిలబడే ఉన్నాయి. దేనికీ ఏటీ అవ్వనేదు.

మర్నాడు పేటంతా కొండ కింద చేరింది. గంగరాజు గునపం పట్టుకుని వొచ్చినాడు, ఎవులూ పిలవకుండానే. ఝాన్సీ కాయితం సూసుకుంటా, "పది గుంతలు కదా," అన్నాది సిన్నగా. దేవమణి ముందరికొచ్చింది.

"కాయితంలో ఎన్ని పేర్లున్నాయమ్మా?"

"పదకొండు, పిన్నీ."

"అయితే పదకొండు తవ్వండి."

గంగరాజు మొదటి గునపం దింపినాడు. పదకొండోది నేనే తవ్వినాను. కొలత ప్రకారం, మూలలు సరిసూసుకుని, అన్నిటికన్నా సక్కగా తవ్వినాను. ఇంకేటి సెయ్యగలను దానికి? పది గుంతల్లో, పాత సమాధుల్లోంచి తీసిన ఎముకలతో పది సెక్క పెట్టెలు దింపినారు. ఒక్కోదాని దగ్గరా బెన్హర్ గారు వాక్యం సదివి, ప్రార్థన సేసినారు. మా గుంత దగ్గరకొచ్చి పుస్తకం తెరిసి, ఏటి సదవాలో తెలీక అలాగే నిలబడిపోయినారు. నాకాయన మీద మొదటిసారి జాలేసింది. దేవమణి నేల మీద కూకుని రెండు సేతుల్తో మట్టి లోపలికి తోసింది. నేనూ కూకుని తోసినాను. గంగరాజు పారతో ఏసినాడు, ఏడుస్తానే ఏసినాడు. తవ్విన మట్టంతా లోపలికి ఎల్లిపోయింది. కాలితో అదిమినాం.

అయ్యాక లెగిసి సూస్తే మిగతా పదీ జానెడేసి ఎత్తు లెగిసి ఉన్నాయి. మాదొక్కటీ నేలకి సాపుగా ఉన్నాది. దేవమణి ఆ వరసంతా సూసింది, మల్లీ మాదాన్ని సూసింది.

"ఏటయ్యా," అన్నాది, "మనది లెగనేదేటి?"

గోడలు కట్టీవోణ్ణి, గుంతలు తీసీవోణ్ణి. ఎందుకు లెగనేదో నాకు తెలుసు. దానికి సెప్పడానికి నా నోరు రానేదు.